మన చాయకు తగ్గ సింగారం

ఏ రంగు నప్పుతుంది, ఏ అంచు పొడుగు చూపిస్తుంది, ఏ లిప్‌స్టిక్ ముఖానికి కళ తెస్తుంది... వీటన్నిటికీ కారణాలున్నాయి. అవి తెలిస్తే తెల్లబడాలన్న ఆరాటం లేకుండానే నిండుగా, అందంగా తయారవ్వొచ్చు.

పెళ్లిళ్ల రోజుల్లో ఏ పట్టుచీరల దుకాణంలో కూర్చున్నా ఈ మాటలు చెవిన పడతాయి. ‘ఆ లేత రంగు మా అమ్మాయికి వద్దండీ, కాస్త రంగు తక్కువ.’ ‘తెల్లగా ఉన్నవాళ్లకైతే ఏదైనా బాగుంటుంది.’ ఆ అమ్మాయి పక్కనే ఉంటుంది, వింటూనే ఉంటుంది. అన్నవాళ్లకు చెడ్డ ఉద్దేశమేమీ ఉండదు. కానీ చీర మడత విప్పకముందే ఆమె ఒంటిరంగు ఒక లోటుగా లెక్కలోకి వచ్చేసింది. ఆ తర్వాత జరిగే ఎంపికంతా ఆ లోటును కప్పిపుచ్చడానికే.

తెలుగువాళ్లలో ఎక్కువమందిది చామనచాయ, లేదంటే అంతకంటే కాస్త ముదురు. చర్మవైద్యులు వాడే ఫిట్జ్‌పాట్రిక్ కొలమానంలో ఆరు తరగతులుంటే మనలో చాలామంది నాలుగు, ఐదు తరగతుల్లోకి వస్తాం. అయినా తెల్లబరిచే క్రీముల ప్రకటనలు చూస్తూనే పెరిగాం. ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 1975లో మన మార్కెట్లోకి వచ్చింది. దాని పేరులోంచి ‘ఫెయిర్’ అన్న మాట తీసేయడానికి 2020 దాకా పట్టింది. అదే ఏడాది ఒక పెద్ద పెళ్లిసంబంధాల వెబ్‌సైటు ఒంటిరంగును బట్టి వెతికే వీలును తొలగించింది. మార్కెట్టే ఆ మాట వదిలేస్తుంటే మనం మాత్రం ఎందుకు పట్టుకుని వేలాడాలి? చామనచాయను లోటుగా చూడటం మానేసి, దాన్నే నేపథ్యంగా పెట్టుకుని ఎంచుకుంటే సింగారం చాలా తేలికవుతుంది.

పక్క రంగు చేసే పని

పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకం విభాగాన్ని 19వ శతాబ్దంలో మిషెల్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త చూసేవారు. నల్లదారం సరిగా నల్లగా ఉండటం లేదని ఆయనకు ఫిర్యాదులొచ్చాయి. పరీక్షిస్తే అద్దకంలో లోపమేమీ లేదు. పక్కన నేసిన నీలం, ఊదా దారాల వల్ల ఆ నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. పక్కపక్కన చేరిన రంగులు మన కంటికి ఒకదాన్నొకటి మార్చేస్తాయన్న ఈ సూత్రాన్ని ఆయన 1839లో పుస్తకంగా తెచ్చారు. దుస్తుల రంగు మేనిఛాయను ఎలా మార్చి చూపుతుందో కూడా అందులో రాశారు.

చీర కట్టిన ప్రతిసారీ మన మెడ దగ్గర జరిగేది ఇదే. ఆకుపచ్చ పక్కన చర్మంలోని ఎర్రదనం పైకి తేలుతుంది. నీలం పక్కన బంగారు వన్నె తేలుతుంది. నెమలికంఠం, వంకాయ, నేరేడు, ముదురాకుపచ్చ, కుంకుమ రంగులు చామనచాయ మీద అంతలా పండటానికి కారణం ఇదే. గోధుమ, ఖాకీ, బూడిద కలిసిన లేతరంగుల సంగతి వేరు. అవి చర్మానికి మరీ దగ్గరి రంగులు కాబట్టి ముఖమూ బట్టా ఒకటైపోయి మనిషి అలసినట్టు కనిపిస్తుంది.

అలాగని వాటిని వదులుకోనక్కర్లేదు. ముఖం మీద ప్రభావమంతా మెడ చుట్టూ ఉండే జానెడు బట్టదే. గంధం రంగు చీర మీద మనసైతే దానికి మెరూన్ జాకెట్టు వేయండి, సమస్య తీరిపోతుంది. మన నేతగాళ్లకు ఈ కిటుకు ఎప్పటినుంచో తెలుసు. గద్వాల చీరలో లేతరంగు నూలు ఒంటికి ముదురు పట్టు అంచు, పట్టు కొంగు జతచేస్తారు. నారాయణపేట గళ్లచీరకు ఎదురురంగు అంచు వేస్తారు. చీర ఒళ్లు ఏ రంగైనా ఆ కొంగు భుజం మీదికి రాగానే ముఖానికి నిండుదనం వస్తుంది.

ఇక తెలుపు. ముదురు చాయవాళ్లు తెలుపు కట్టకూడదన్న మాట ఎక్కడ పుట్టింది? తెల్లగా కనిపించడమే గొప్ప అనుకున్నచోట పుట్టింది. ఆ కోరిక పక్కన పెట్టి చూడండి. ముదురు చాయ మీద మల్లెతెలుపు మంగళగిరి నూలుచీర కడితే కళ్లు, పెదవులు, గడ్డం గీత అన్నీ తేటగా తేలతాయి. అంతటి స్ఫుటత్వం లేతచాయ మీద రాదు.

చామనచాయలన్నీ ఒక్కటి కావు. కొందరి చర్మంలో అడుగున పసుపు ఉంటుంది, కొందరికి ఎరుపు, కొందరికి కాస్త ఆకుపచ్చ జీర. మణికట్టు దగ్గర నరాల రంగు చూసి ఇది తేల్చుకోమంటారు గానీ, మన చర్మం మీద నరాలు అంత స్పష్టంగా కనపడవు. అంతకంటే నమ్మకమైన పరీక్ష ఒకటుంది. మేకప్ లేకుండా పగటిపూట కిటికీ దగ్గర అద్దం ముందు నిలబడి ఒక భుజం మీద తెల్లబట్ట, రెండో భుజం మీద మీగడరంగు బట్ట వేసుకోండి. ఎటువైపు కళ్ల కింద నీడలు తగ్గినట్టు, చర్మం నున్నగా ఉన్నట్టు అనిపిస్తే అది మీ వైపు. మీగడరంగు నెగ్గితే ఇటుక, మెంతి, కనకాంబరం, పాత బంగారం చుట్టూ వెతకండి. తెలుపు నెగ్గితే రాణీ గులాబి, నేరేడు, ముదురు నీలం, వెండి జరీ వైపు వెళ్లండి.

మనుషుల్ని నాలుగు రుతువులుగా విడదీసి రంగులు సూచించే పద్ధతిని అమెరికా రచయిత్రి కరోల్ జాక్సన్ 1980లో బాగా ప్రచారంలోకి తెచ్చారు. నల్లటి జుట్టు, నల్లటి కళ్లు ఉన్నవాళ్లలో అత్యధికుల్ని అది ‘శీతాకాలం’ అనే ఒక్క గదిలోనే పెట్టేసింది. మనలో ఉన్న ఇన్ని ఛాయలకు ఆ ఒక్క గది ఏం సరిపోతుంది? కాబట్టి ఆ పట్టికల కంటే మీ భుజం మీది బట్టనే నమ్మండి.

అంచు ఎక్కడ ఆగితే చూపు అక్కడే

అడ్డచారలు లావుగా చూపిస్తాయని అందరూ అంటారు. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1867లోనే దీన్ని కాదన్నారు. ఒకే కొలతలో రెండు చదరాలు గీసి ఒకదాన్ని అడ్డగీతలతో, మరోదాన్ని నిలువుగీతలతో నింపితే అడ్డగీతలున్నదే పొడుగ్గా కనిపిస్తుంది. ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ థామ్సన్ మనుషుల బొమ్మలతో ఇదే పరీక్షించి, అడ్డచారలు లావు చూపించవని 2011లో ప్రచురించారు. కాబట్టి సన్నని చారల గురించి బెంగ అక్కర్లేదు.

అసలు చూడాల్సింది చూపు ఎక్కడ ఆగుతుందన్నది. పొట్టిగా ఉన్నవాళ్లు కింద మూరెడు అంచున్న చీర కడితే చూపు మోకాలి దగ్గరే ఆగి ఎత్తు రెండు ముక్కలవుతుంది. పెద్దంచే కావాలంటే చీర ఒంటికీ అంచుకూ రంగు తేడా తక్కువున్నది తీసుకోండి. చెప్పులు వేసుకున్నాకే చీర కట్టి, అంచు నేలను తాకేలా చూసుకోండి. కొంగు సన్నని మడతలుగా పిన్ను పెడితే భుజం నుంచి కిందిదాకా ఒక నిలువుగీత ఏర్పడి సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు. బాగా పొడుగున్నవాళ్లకు పెద్దంచు, పెద్ద పూలు, వదులుగా జారే కొంగు హుందాతనం తెస్తాయి.

బట్ట గుణం కూడా తెలిసుండాలి. గంజి పెట్టిన నూలు, ఆర్గంజా ఒంటికి దూరంగా నిలబడి మనిషిని వెడల్పుగా చూపిస్తాయి. సన్నగా ఉన్నవాళ్లకు అది వరం. జార్జెట్, షిఫాన్ ఒంటిని అంటిపెట్టుకుని ప్రతి వంపునూ చెబుతాయి. ఈ రెంటికీ మధ్యలో మెత్తగా కిందికి జాలువారేవి వెంకటగిరి నూలు, తేలికైన ఉప్పాడ జాందానీ. ఇవి దాదాపు ఏ ఒంటికైనా ఒదుగుతాయి. పోచంపల్లి ఇక్కత్‌లో నూలును ముందే ముడులు కట్టి రంగులద్ది ఆ తర్వాత నేస్తారు కాబట్టి నమూనా అంచులు కాస్త చెదిరినట్టు మెత్తగా ఉంటాయి. గట్టి గీతల డిజైన్లు నప్పవనుకునేవాళ్లు ఇక్కత్ ప్రయత్నించాలి.

సగం అందం దర్జీ చేతిలో

ఇరవైవేల చీరను కుదరని జాకెట్టు పాడుచేస్తుంది. వెయ్యి రూపాయల నూలుచీరను కుదిరిన జాకెట్టు నిలబెడుతుంది. చాలామంది ఎప్పుడో కుట్టించిన ఆది జాకెట్టునే ఏళ్ల తరబడి దర్జీకి ఇస్తుంటారు. ఒళ్లు మారింది, ఆది మారలేదు. ఏడాదికొకసారైనా కొత్తగా కొలతలు ఇవ్వండి. భుజం కుట్టు భుజం ఎముక దగ్గరే ఆగాలి. చంక దగ్గర ముడతలు పడకూడదు. చేయి పైకెత్తితే జాకెట్టు పైకి లేవకూడదు. పక్కల్లో లోపల బట్ట వదలమనండి, తర్వాత వదులు చేయించుకోవచ్చు.

చేతులు ఎక్కడ ముగిస్తే చూపు అక్కడికే వెళ్తుంది. అందుకే దండ లావుగా ఉన్నచోట ముగించకుండా మోచేతిదాకా పెట్టించండి. గుండ్రటి ముఖం, పొట్టి మెడ ఉన్నవాళ్లకు ‘వి’ మెడ, లోతైన చదరపు మెడ నప్పుతాయి. పొడుగు మెడవాళ్లకు పడవ మెడ, కాలర్ మెడ బాగుంటాయి.

మగవాళ్లకూ ఇదే లెక్క. చొక్కా భుజం కుట్టు కిందికి జారితే ఎంత ఖరీదైనదైనా అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది. చామనచాయ మగవాళ్లు లేత గోధుమరంగు చొక్కా దగ్గరే ఆగిపోకుండా ముదురు నీలం, సీసా ఆకుపచ్చ, మెరూన్ వేసుకుని చూడాలి.

ముఖాన్ని ముఖంలాగే ఉంచే మేకప్

మన నేలమీద ‘లాక్మే’ను టాటాలు 1952లో మొదలుపెట్టారు. అయినా ముదురు చాయలకు సరిపోయే ఫౌండేషన్ దొరకడం చాలా కాలం కష్టంగానే ఉండేది. 2017లో గాయని రియానా ‘ఫెంటీ బ్యూటీ’ని ఒకేసారి 40 ఛాయలతో తెచ్చాక ఇతర కంపెనీలూ ఛాయలు పెంచాల్సి వచ్చింది. ఇవాళ మన బజార్లోనూ ఎంపిక పెరిగింది. మన రంగు కంటే ఒక ఛాయ లేతది కొనే పాత అలవాటే ఇంకా పోలేదు. అలా కొన్నది పూస్తే ముఖం ఒక రంగు, మెడ ఒక రంగై, ఫొటోలో బూడిద పూసినట్టు కనిపిస్తుంది.

ఫౌండేషన్‌ను ముంజేతి మీద పరీక్షించకండి. దవడ అంచున రెండు మూడు ఛాయలు గీతలుగా రాసి, పగటి వెలుగులోకి వచ్చి చూడండి. పదినిమిషాలు ఆగితే కొన్ని గాలికి ముదురుతాయి. ఆ తర్వాత కూడా మెడలో కలిసి మాయమైపోయేదే మీది. కళ్లకింద నలుపు ఉంటే నేరుగా లేతరంగు కన్సీలర్ పూయకండి, బూడిదరంగు తేలుతుంది. ముందు నారింజ లేదా పీచ్ రంగు కరెక్టర్ పలచగా అద్ది, పైన చర్మం రంగు కన్సీలర్ వేయాలి. జింకు ఆక్సైడు ఎక్కువున్న సన్‌స్క్రీన్ తెల్లపొరలా నిలిచేటట్లయితే చర్మం రంగు కలిపినవి దొరుకుతున్నాయి, అవి వాడండి.

ముఖంలో ఒకదాన్నే ముందుకు తీసుకురండి. బాపు గీసిన అమ్మాయిల్ని గుర్తుతెచ్చుకోండి. నాలుగు గీతల్లో ముఖం, అందులో చూపంతా ఆ పెద్ద కళ్లమీదే. మీవి పెద్ద కళ్లయితే కాటుక దట్టంగా పెట్టి పెదవులకు ఇటుకరంగు సరిపెట్టండి. పెదవులు చక్కనివైతే మెరూన్, నేరేడు, దొండపండు ఎరుపు వేసి కళ్లను తేలిగ్గా వదిలేయండి. మరీ లేత ‘న్యూడ్’ రంగులు మన పెదవుల మీద పాలిపోయినట్టుంటాయి. మన న్యూడ్ అంటే గోధుమ, కాఫీ, దాల్చిన రంగులే.

బొట్టు కూడా ముఖం తీరు మారుస్తుంది. గుండ్రటి ముఖానికి నిలువు బొట్టు, పొడుగు ముఖానికి గుండ్రటి బొట్టు, చిన్న నుదుటికి చుక్కంత బొట్టు. జూకాల సంగతీ అంతే. గుండ్రటి ముఖానికి వేలాడేవి, కోలముఖానికి బుట్టలు, పెద్ద దుద్దులు పెట్టండి.

రంగస్థలం మీద సత్యభామగా, చింతామణిగా మెప్పించి 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు మగవారు. ఆహార్యానికి ఎంత శక్తి ఉందో చెప్పడానికి ఆయన ఒక్కరు చాలు. అయితే రంగస్థలం మేకప్ దీపాల వెలుగులో దూరంనుంచి చూసేవాళ్ల కోసం. మనల్ని మూరెడు దూరంలో, పగటి వెలుగులో చూస్తారు. పెళ్లి వేదిక మీద నిండుగా ఉన్న మేకప్ మర్నాడు ఆఫీసులో ముసుగులా అనిపించేది అందుకే.

చర్మంతో ఆటలొద్దు

తెల్లబడాలన్న తొందరలో జరిగే నష్టం చిన్నది కాదు. మందుల షాపులో చేతికందే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్లుంటాయి. వారంలో ముఖం మెరుస్తుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మంట రెట్టింపవుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పలు పూతమందుల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని నిర్ణయించింది. ఊరూపేరూ లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉండొచ్చు, అది మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, తేదీ లేని డబ్బా ముట్టుకోకండి. స్టిక్కర్ బొట్టు పెట్టేచోట దురద, తెల్లమచ్చ కనిపిస్తే దాని జిగురు పడలేదని అర్థం. వెంటనే మానేసి కుంకుమకు మారండి, చర్మవైద్యుడికి చూపించండి.

కొనే ముందు ఇవి చూడండి

• చీరను దుకాణం గుమ్మంలోకి తెచ్చి పగటి వెలుగులో చూడండి. లోపలి దీపాల కింద రంగు మారిపోతుంది.
• మడత మీద చూసి తేల్చకండి. కొంగు భుజం మీద వేసుకుని, అద్దానికి నాలుగడుగుల దూరం జరిగి చూడండి. ముందు కనిపించేది చీరా, మీరా?
• వెళ్లేటప్పుడు కళ్లజోడు, రోజూ పెట్టుకునే బొట్టు ఉండనివ్వండి. మీరు తిరిగేది వాటితోనే.
• జుట్టు నెరుస్తుంటే పాత లెక్క మళ్లీ సరిచూసుకోండి. ఒకప్పుడు నప్పిన నలుపు ఇప్పుడు గట్టిగా అనిపించొచ్చు, ఒకప్పుడు వద్దన్న వంగపండు, నీలం ఇప్పుడు వెండిజుట్టుతో మెరవొచ్చు.
• మేకప్ సామాను కొత్తదైతే చెవి వెనక కాస్త రాసి ఒకరోజు ఆగండి.

ఈ ఆదివారం బీరువా తెరిచి ఉన్న చీరలన్నీ కిటికీ దగ్గర ఒక్కొక్కటిగా భుజాన వేసుకుని చూడండి. ముఖం వెలిగించినవి మీకు. మిగతావి అక్కకో, వదినకో, స్నేహితురాలికో కట్టించి చూడండి, మీ దగ్గర వెలవెలబోయిన రంగు వాళ్లమీద కళకళలాడొచ్చు. ఇక ఇంట్లో ఎదుగుతున్న ఆడపిల్ల ఉంటే ఆమె ముందు ‘రంగు తక్కువ’ అన్న మాట ఇవాళ్టితో మానేయండి. దాని బదులు ‘నీకు నెమలికంఠం బాగుంటుంది’ అనండి. ఆ మాట ఆమెకు ఎప్పటికీ పనికొస్తుంది.