గ్లాసు నిండా ఉగాది!

ఉగాది పచ్చడి అనగానే అరచేతిలో చెంచాడు వేసుకుని నాలుకకు రాసుకోవడమే చాలామందికి గుర్తొస్తుంది. నల్గొండ, పాలమూరు పల్లెల్లో మాత్రం పచ్చడిని తాగుతారు! కొత్త కుండలో పలుచగా కలిపి, ఇంటికొచ్చిన వాళ్లందరికీ గ్లాసుల్లో పోస్తారు. భక్ష్యాలు ఆ తర్వాతే.

తయారీ తేలికే. 50 గ్రాముల కొత్త చింతపండును లీటరు నీళ్లలో నానబెట్టి, పిసికి వడగట్టాలి. అందులో 200 గ్రాముల బెల్లం తురుము కరిగించి, సన్నగా తరిగిన మామిడికాయ, ఎండుకొబ్బరి తురుము, కాస్త సోంపు, పుట్నాల పొడి, చిటికెడు ఉప్పు వేయాలి. చివర్లో రెండు చెంచాల వేపపువ్వు.

మిగతావన్నీ అంగట్లో తెచ్చుకున్నా, పువ్వు కోసం ఊళ్లోని చెట్టు దగ్గరికే వెళ్తారు. ఆ చెట్టుకే కష్టమొచ్చింది. 2021లో తెలంగాణలోని చాలాచోట్ల వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండిపోయాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చిన తెగులు అది. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. అయితే, తెగులుకు మందు కొట్టిన చెట్టు పువ్వును పచ్చడిలో వేయకూడదు. మందు తగలని చెట్టు కనిపిస్తే నాలుగు రెమ్మలు ఎక్కువే కోసుకుని, పువ్వును నీడలో ఆరబెట్టి దాచుకోండి. వచ్చే ఏడాది చెట్టు సరిగా పూయకపోయినా, ఇంటిల్లిపాదికీ పచ్చడిలో చేదు తక్కువ కాదు.