విశాఖలో వేసవి విహారం: వేళ తెలిసి వెళ్తే వినోదం - కెరటం తెలిసి నిలిస్తే క్షేమం

ప్రత్యేక వ్యాసం

విశాఖపట్నం: ఏప్రిల్ చివరి వారంలో పాఠశాలలకు సెలవులు ప్రకటించినది మొదలు జూన్ రెండవ వారంలో తిరిగి తెరిచే వరకు విశాఖ నగరం పర్యాటకులతో కళకళలాడుతుంది. ఒకవైపు తూర్పు కనుమలు, మరొకవైపు బంగాళాఖాతం, నడుమ నగరం. కొండను, కడలిని, అడవిని, ప్రాచీన బౌద్ధారామాలను ఒకే ప్రయాణంలో దర్శించగల అవకాశం తీరాంధ్రలో ఈ నగరానికే ప్రత్యేకం. అయితే సెలవులకు వచ్చిన కుటుంబాలలో కొన్ని తమ పిల్లలను సముద్రానికి అర్పించి వెనుదిరుగుతున్న విషాద ఘటనలు ఏటా పునరావృతమవుతున్నాయి. ఎండ వేళను, కెరటాల తీరును ముందుగా తెలుసుకున్న వారికి విశాఖ వేసవి ఆహ్లాదకరమైన అనుభవంగా మిగులుతుంది. ఈ నేపథ్యంలో నగర సందర్శకులు ఏ వేళ ఎక్కడ గడపవచ్చునో, ఎక్కడ ఏ జాగ్రత్త అవసరమో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉష్ణమాపకం చెప్పని ఉక్కపోత

విశాఖలో పగటి ఉష్ణోగ్రత రాయలసీమ, తెలంగాణ పట్టణాలకంటే తక్కువగానే నమోదవుతుంది. ఆ అంకెను చూసి వేసవి తీవ్రతను తక్కువగా అంచనా వేయరాదు. సముద్రపు గాలిలోని తేమ కారణంగా ఒంటికి పట్టిన చెమట త్వరగా ఆరదు. చెమట ఆరినప్పుడే శరీరం చల్లబడుతుంది కనుక, 35 డిగ్రీల ఎండ సైతం ఇక్కడ అంతకు మించిన భారంగా పరిణమిస్తుంది. భారత వాతావరణ శాఖ మైదాన ప్రాంతాలలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరితే గాని వడగాలుల ప్రకటనకు పరిశీలించదు. తీర ప్రాంతాలకు మాత్రం ఆ పరిమితిని 37 డిగ్రీలుగా నిర్ణయించి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు అధికంగా ఉండాలన్న నిబంధనను జోడించడంలోని ఆంతర్యం ఇదే.

నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. నేలపై తేలికైన గాలి పైకి లేచిన కొద్దీ సముద్రం మీది చల్లని గాలి లోపలికి ప్రవేశిస్తుంది. ఈ సముద్ర పవనమే తీర నగరానికి సహజమైన రక్ష. పడమటి నుండి పొడి గాలులు బలంగా వీచిన రోజులలో ఈ పవనం ఆలస్యమవుతుంది. అటువంటి రోజులలో నగరంలోనూ ఎండ ఒక్కసారిగా పెరుగుతుంది. అందుచేత ఉదయం 11 గంటల నుండి సాయంత్రం 4 గంటల వరకు ఆరుబయట తిరగకుండా కార్యక్రమాన్ని రూపొందించుకోవడం శ్రేయస్కరం.

ఉదయం కొండల మీద

మే నెలలో విశాఖ తీరాన ఉదయం 5.30 గంటలలోపే సూర్యోదయమవుతుంది. రోజులో అత్యంత ఆహ్లాదకరమైన సమయం ఇదే. నగరం నుండి భీమునిపట్నం వరకు సముద్రాన్ని ఆనుకుని సాగే రహదారి వెంట ఈ వేళ చూడదగిన ప్రదేశాలు అనేకం ఉన్నాయి.

ఈ మార్గంలో సుమారు 15 కిలోమీటర్ల దూరాన ఉన్న తొట్లకొండ బౌద్ధారామం విశేష ప్రాధాన్యం గలది. క్రీస్తు పూర్వం నాటి నుండే ఇక్కడ బౌద్ధ భిక్షువులు నివసించారు. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 - 1993 మధ్య జరిపిన తవ్వకాలలో మహాస్తూపం, విహారాలు, సమావేశ మందిరం వెలుగులోకి వచ్చాయి. వాననీటిని నిల్వ చేసుకోవడానికి కొండరాతిలో తొలిచిన తొట్ల వల్లనే ఈ కొండకు ఆ పేరు స్థిరపడింది. సమీపంలోని బావికొండకు సైతం అక్కడి నీటి బావులే పేరు తెచ్చాయి. నదీ ప్రవాహం చెంత లేని కొండ శిఖరంపై భిక్షువులు వేసవిని ఎట్లు గడిపారో ఈ తొట్లు తెలుపుతాయి. కొండపై నీడ తక్కువ. తాగునీరు వెంట తీసుకుని వెళ్లి, ఎండ ముదరక ముందే దిగిరావడం మంచిది.

అదే మార్గంలో భీమునిపట్నం చేరువలోని ఎర్రమట్టి దిబ్బలు వేల సంవత్సరాలుగా గాలి, నీరు, సముద్ర మట్టంలోని మార్పుల వల్ల రూపుదిద్దుకున్నవి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించగా, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ వీటికి స్థానం లభించింది. దిబ్బల అంచులు వదులు మట్టితో కూడి ఉన్నందున వాటిపైకి ఎక్కడం, మట్టిని తవ్వడం సందర్శకులకూ దిబ్బలకూ హానికరం. గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమునిపట్నంలో డచ్చి వారి కాలం నాటి సమాధులు చూడవచ్చు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పట్టణమిది.

జంతు ప్రేమికులు ఎండాడ వద్ద 625 ఎకరాల విస్తీర్ణంలో గల ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలను ఉదయం తెరిచిన వెంటనే సందర్శించడం సముచితం. ఎండ ముదిరిన తరువాత జంతువులు నీడ పట్టున విశ్రమిస్తాయి. పిల్లలు నిరాశ చెందుతారు. 1977లో ప్రారంభమైన ఈ ప్రదర్శనశాలకు సోమవారం సెలవు దినం.

మధ్యాహ్నం నీడ పట్టున

ఎండ వేళను ప్రదర్శనశాలలకు కేటాయించుకోవచ్చు. రామకృష్ణా బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల వీటిలో ప్రముఖమైనది. సోవియట్ యూనియన్‌లో నిర్మితమైన ఐఎన్ఎస్ కురుసుర 1969 డిసెంబరులో భారత నౌకాదళంలో ప్రవేశించి, 1971 యుద్ధంలో పాల్గొని, 31 సంవత్సరాల సేవ అనంతరం 2001 ఫిబ్రవరిలో విరమించింది. సుమారు 91 మీటర్ల పొడవు గల ఈ జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చి, 2002 ఆగస్టులో ప్రజల సందర్శనార్థం తెరిచారు. టార్పెడోలు, ఇరుకైన పడకలు, వంటగది యథాతథంగా ఉన్నాయి. గుండ్రని ద్వారాల గుండా వంగి దాటవలసి ఉంటుంది కనుక మోకాళ్ల నొప్పులు గల వృద్ధులు ఈ విషయాన్ని గమనించాలి.

రహదారికి ఆవలి వైపున టీయూ-142 యుద్ధ విమాన ప్రదర్శనశాల ఉన్నది. 29 సంవత్సరాల పాటు సముద్ర గస్తీ నిర్వహించి 2017 మార్చిలో సేవల నుండి విరమించిన ఈ విమానాన్ని అదే ఏడాది డిసెంబరులో నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేశారు. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు నగరంపై జరిపిన దాడిని గుర్తుచేసే పేలని బాంబును చూడవచ్చు. సందర్శన వేళలు, సెలవు దినాలు మారే అవకాశం ఉన్నందున బయలుదేరే ముందు విచారించుకోవడం అవసరం.

ఈ వేళ దాహానికి మజ్జిగ, కొబ్బరి నీరు, తాటి ముంజెలు మేలు చేస్తాయి. సువర్ణరేఖ మామిడి ఈ ప్రాంతపు వేసవి కానుక. చేపల ప్రియులు ఒక సంగతి తెలుసుకోవాలి. చేపలు గుడ్లు పెట్టే కాలం కావడంతో తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరబోట్ల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. ఆ రోజులలో చేపల రేవులో బోట్లు బారులు తీరి లంగరు వేసి ఉంటాయి. తెప్పలు, సంప్రదాయ నావలపై జరిగే వేటకు ఈ నిషేధం వర్తించదు.

సాయంత్రం కడలి చెంత

ఎండ చల్లబడిన తరువాత కైలాసగిరి సందర్శనకు అనువైన వేళ. కొండపై 40 అడుగుల శివపార్వతుల విగ్రహాలు, తీగ మార్గం, కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు పిల్లలను అలరిస్తాయి. తీరం ఎంత మేర వంపు తిరిగి ఉన్నదో ఇక్కడి నుండి స్పష్టంగా కనబడుతుంది. దిగువన బీచ్ రోడ్డులో మురీ మిక్చర్, మొక్కజొన్న పొత్తులు విక్రయించే బండ్ల వద్ద సందడి రాత్రి వరకు కొనసాగుతుంది.

నగరానికి వచ్చిన ప్రతి ఒక్కరి చూపూ సముద్రంపైనే. ప్రమాదం పొంచి ఉన్నదీ అక్కడే. విశాఖ తీరం అనేక చోట్ల ఏటవాలుగా ఉండి, కొద్ది అడుగులలోనే లోతు పెరుగుతుంది. కొన్ని చోట్ల నీటి అడుగున బండలు ఉన్నాయి. వీటన్నింటికంటే ప్రమాదకరమైనవి రిప్ ప్రవాహాలు. కెరటాలు ఒడ్డుకు మోసుకువచ్చిన నీరు తిరిగి సముద్రంలోకి పోవడానికి ఇసుక తిన్నెల నడుమ ఇరుకైన మార్గం వెతుక్కుంటుంది. ఆ మార్గం గుండా నీరు సెకనుకు 2 మీటర్లు దాటిన వేగంతో సైతం వెనుకకు లాగగలదు. ఆరితేరిన ఈతగాడికి కూడా ఆ ప్రవాహానికి ఎదురీదడం సాధ్యం కాదు.

సాధారణ సందర్శకుడు ఇక్కడే పొరబడుతున్నాడు. రిప్ ప్రవాహం ఉన్న చోట కెరటాలు తక్కువగా విరుగుతాయి. నీరు ప్రశాంతంగా కనబడుతుంది. కెరటాలు లేవు కదా అని పిల్లలతో సరిగ్గా ఆ చోటనే దిగుతారు. ఇరువైపులా తెల్లని నురుగు ఉండి నడుమ మాత్రం నీరు ముదురు రంగులో నిలకడగా కనిపించినా, ఇసుక కలిసిన నీరు పాయగా సముద్రం వైపు సాగుతున్నా అక్కడ దిగరాదు.

పొరపాటున చిక్కుకున్న వారు ఒడ్డు వైపు ఎదురీదరాదు. ఎదురీది అలసిపోవడమే మరణానికి ప్రధాన కారణం. ఈ ప్రవాహం సముద్రం వైపు లాగుతుంది గాని నీటి అడుగుకు ముంచదు. తేలియాడుతూ, చేయి పైకెత్తి సహాయం కోరుతూ, తీరానికి సమాంతరంగా కొంత దూరం ఈది, ప్రవాహం వెలుపలికి వచ్చిన పిమ్మట కెరటాలతో పాటు ఒడ్డుకు చేరాలి. ఒకరిని రక్షించబోయి వెంట దూకిన స్నేహితులు, తోబుట్టువులు సైతం మునిగిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఖాళీ డబ్బా, ట్యూబు, తాడు వంటి వాటిని అందించి, గజ ఈతగాళ్లను పిలిచి, 112 లేదా 108 నంబరుకు తెలియజేయడమే సరైన మార్గం.

నీటి క్రీడలపై ఆసక్తి గలవారు రుషికొండ తీరానికి వెళ్లడం మంచిది. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఈ తీరంలో స్నానానికి హద్దులు ఏర్పరచి, గజ ఈతగాళ్లను నియమించారు. అక్కడైనా హద్దు దాటరాదు. మద్యం సేవించి నీటిలో దిగరాదు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం జారీ చేసే ఎత్తయిన కెరటాల హెచ్చరికలు వెలువడిన రోజున ఏ తీరంలోనూ స్నానానికి పూనుకోరాదు.

సింహాచలం, అరకు యాత్రలు

వేసవి మధ్యలో వచ్చే వైశాఖ శుద్ధ తదియ నాడు సింహాచలంలో చందనోత్సవం జరుగుతుంది. ఏడాది పొడవునా చందనపు పూతలో ఉండే శ్రీ వరాహలక్ష్మీనృసింహ స్వామి ఆ ఒక్కరోజే నిజరూప దర్శనమిస్తారు. 2025 ఏప్రిల్ 30న ఇదే ఉత్సవం సందర్భంగా తెల్లవారుజామున గాలివాన సమయంలో గోడ కూలి ఏడుగురు భక్తులు మరణించారు. వేసవి అంటే ఎండ మాత్రమే కాదని, అకస్మాత్తుగా విరుచుకుపడే గాలివాన కూడానని ఆ ఘటన గుర్తుచేస్తున్నది. వరుసలలో వేచి ఉండే వృద్ధులకు, పసిపిల్లల తల్లులకు నీరు, నీడతో పాటు పటిష్ఠమైన కట్టడాల భద్రతా ముఖ్యమే.

మైదాన ప్రాంతపు ఎండ నుండి ఉపశమనం కోరేవారు అరకు లోయకు వెళ్లవచ్చు. నగరం నుండి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, 900 మీటర్లకు పైగా ఎత్తున గల ఈ లోయ 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. బైలదిల్లా ఇనుప ఖనిజం రవాణాకై 1960వ దశకంలో నిర్మించిన రైలు మార్గం యాభైకి పైగా సొరంగాల గుండా సాగుతుంది. 2017 నుండి ఈ మార్గంలో అద్దాల బోగీ ప్రయాణికులకు అందుబాటులోకి వచ్చింది. దారిలోని బొర్రా గుహలలో సున్నపురాతి ఆకృతులు చూపరులను ఆకట్టుకుంటాయి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీని గిరిజన రైతులు పండిస్తారు. వేసవి మధ్యాహ్నాలలో ఏజెన్సీలో ఉరుములు, పిడుగులతో కూడిన వర్షాలు సహజం. అటువంటి వేళ చెట్ల కింద నిలబడరాదు.

సమాచారమే రక్షణ కవచం

తీరంలో జరిగే ప్రమాదాలలో బాధితులు తరచుగా లోతట్టు ప్రాంతాల యువకులు, విద్యార్థులు. చెరువులో, కాలువలో ఈత నేర్చిన వారికి సముద్రపు తీరు తెలియదు. బీచ్‌లోని హెచ్చరిక బోర్డును చదివే నాటికి వారు ఒడ్డుకు చేరి, ఉత్సాహంతో ఉంటారు. కనుక హెచ్చరిక వారి స్వగ్రామంలోనే, ప్రయాణానికి ముందే అందాలి. విహార యాత్రలు ఏర్పాటు చేసే కళాశాలలు, బస్సు నిర్వాహకులు, వసతి గృహాల యజమానులు ఈ బాధ్యతను పంచుకోవచ్చు. వివిధ జిల్లాలలోని అధికారులు, పాత్రికేయులు ప్రమాదం జరిగిన మరునాడు కాక, సెలవుల ఆరంభంలోనే రిప్ ప్రవాహాల గుర్తులను, తప్పించుకునే పద్ధతిని ప్రజలకు తెలియజేస్తే ఎన్నో కుటుంబాలకు కడుపుకోత తప్పుతుంది. ఉదయం కొండపై, మధ్యాహ్నం నీడలో, సాయంత్రం ఒడ్డున గడిపి క్షేమంగా ఇల్లు చేరినప్పుడే విశాఖ వేసవి విహారం సార్థకమవుతుంది.