పసిబిడ్డ ఊపిరి – దంపతులు తెలుసుకోవలసిన లెక్క



బిడ్డ పుట్టిన కొత్తలో చాలామంది తల్లులు "ఇంత గబగబా ఊపిరి తీస్తున్నాడేమిటి? పొట్ట ఎగిరెగిరి పడుతోందేమిటి?" అని కంగారుపడతారు. అదే బిడ్డ కొన్నాళ్ళకు నిజంగా జబ్బుచేసి ఆయాసపడుతుంటే "పసిపిల్లలు అంతే, జలుబే కదా" అని ఊరుకుంటారు. మొదటిది అక్కరలేని భయం. రెండవది ప్రాణం మీదికి తెచ్చే నిర్లక్ష్యం. పసిబిడ్డ ఊపిరికి, పెద్దల ఊపిరికి తేడా తెలిస్తే ఈ రెండూ తప్పుతాయి.

పెద్దలకు, పిల్లలకు తేడా ఏమిటి?

ఊరికే కూర్చున్నప్పుడు మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాము. అప్పుడే పుట్టిన బిడ్డ 30 నుంచి 60 సార్లు తీస్తుంది. ఇది జబ్బు కాదు. బిడ్డ శరీరం త్వరత్వరగా పెరుగుతూ ఉంటుంది, అందువల్ల దాని బరువుకు తగినట్లు చూస్తే మనకన్నా ఎక్కువ ప్రాణవాయువు కావాలి. ఊపిరితిత్తులేమో చిన్నవి. ఒక్కొక్కసారి తీసుకునే గాలి కొంచెమే కాబట్టి ఎక్కువసార్లు తీసుకుంటుంది. పెద్ద బిందెతో నాలుగుసార్లు తెచ్చే నీళ్ళు చిన్న చెంబుతో తేవాలంటే ఎన్నిసార్లు తిరగాలి? ఇదీ అంతే.

మనం గట్టిగా గాలి పీల్చితే రొమ్ము పైకి లేస్తుంది. పసిబిడ్డ పక్కటెముకలు మెత్తగా, అడ్డంగా ఉంటాయి, అలా లేవలేవు. కనుక ఛాతీకి, పొట్టకు నడుమ ఉన్న కండరపు పొరే ఎక్కువ పని చేస్తుంది. పొట్ట ఎగరడం అందువల్లనే.

మొదటి నెలల్లో బిడ్డ ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తుంది. ముక్కు దిబ్బడ వేస్తే మనం నోటితో సర్దుకుంటాము. బిడ్డ అంత సులువుగా సర్దుకోలేదు; పాలు తాగలేక ఏడుస్తుంది.

మరొక ముఖ్యమైన తేడా గాలిగొట్టం. పసిబిడ్డ గాలిగొట్టం పెన్సిలు కన్నా సన్నం. పెద్ద కాలువలో గడ్డి అడ్డం పడ్డా నీరు పారుతుంది, పిల్లకాలువలో అయితే ఆగిపోతుంది. అలాగే కొద్దిపాటి కఫం, కొద్దిపాటి వాపు మనకు దగ్గుతో పోతే, బిడ్డకు ఊపిరాడకుండా చేస్తుంది. కావున పిల్లల విషయంలో "రేపు చూద్దాం" అనరాదు.

నిద్రలో పసికందు ఊపిరి ఒక్కోసారి గబగబా సాగి, అయిదు పది సెకన్లు ఆగి, మళ్ళీ మొదలవుతుంది. ఇది మామూలే. కాని 20 సెకన్లు ఆగినా, బిడ్డ నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఊపిరి లెక్కించడం ఎలా?

బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తండి. సెకన్ల ముల్లు ఉన్న గడియారం గాని, సెల్‌ఫోన్ గాని పెట్టుకొని పూర్తిగా ఒక నిమిషం చూడండి. పొట్ట లేచి పడితే ఒకటి. తల్లి లెక్కపెడుతుంటే తండ్రి గడియారం చూడవచ్చు.

ఈ లెక్క దాటితే అది వేగం ఊపిరి:
• 2 నెలలలోపు బిడ్డకు: 60 గాని అంతకు మించి గాని (మళ్ళీ ఒకసారి లెక్కపెట్టి చూడండి)
• 2 నెలలు నిండి ఏడాదిలోపు: 50 గాని అంతకు మించి గాని
• ఏడాది నిండి 5 ఏళ్ళలోపు: 40 గాని అంతకు మించి గాని

దగ్గు, జలుబుతో పాటు ఊపిరి ఈ లెక్కకు చేరితే న్యుమోనియా కావచ్చు. అదే రోజు ఆరోగ్య కేంద్రానికి తీసుకురండి. తొలి రోజుల్లో వస్తే చాలామందికి నోటి మందుతోనే నయమవుతుంది. డాక్టరు చెప్పినన్ని రోజులూ మందు వాడాలి. తగ్గింది కదా అని మధ్యలో ఆపవద్దు.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగవద్దు. 108కి ఫోను చేయండి:
• గాలి పీల్చినప్పుడు డొక్కలు లోతుగా లోపలికి పోవడం
• ప్రతి ఊపిరికీ మూలగడం
• పాలు తాగలేకపోవడం, తాగినదంతా కక్కడం
• పెదవులు, నాలుక నీలబడడం
• ఫిట్లు రావడం, లేపినా లేవకుండా మగతగా పడి ఉండడం
రెండు నెలలలోపు బిడ్డకు ఒళ్ళు కాలినా, చల్లబడినా కూడా ఆసుపత్రికే.

చేయకూడనివి

డొక్కలు ఎగరేస్తోందని వాతలు పెట్టించవద్దు. ముక్కులో, గొంతులో ఆముదం గాని, వేరే నూనె గాని పోయవద్దు. అది ఊపిరితిత్తులలోకి పోయి కొత్త జబ్బు తెస్తుంది. దుకాణంలో అడిగి దగ్గు మందు తెచ్చి పట్టవద్దు. స్నానం తరువాత సాంబ్రాణి వేయడం మన అలవాటే. కాని అంత సన్నని గాలిగొట్టానికి ఏ పొగ అయినా చేటే. కట్టెపొయ్యి పొగకు, దోమల చక్రాల పొగకు కూడా బిడ్డను దూరంగా ఉంచండి. తండ్రులు ఇంట్లో బీడీ, చుట్ట కాల్చరాదు.

బిడ్డ ఊపిరికి రక్షణ

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప వేరేదేదీ వద్దు. టీకాలు వేళకు వేయించండి. న్యుమోనియా నుంచి కాపాడే పి.సి.వి. టీకా 2021 నుంచి దేశమంతటా ఉచితంగా వేస్తున్నారు: ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి; దుప్పటి ముఖం మీదికి రానీయవద్దు.

బిడ్డకూ బిడ్డకూ ఎడం ఉండడం కూడా ఒక రక్షణే. వెంటవెంటనే కాన్పులైతే తల్లి ఒళ్ళు కోలుకోదు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో బిడ్డ పుట్టే ప్రమాదం ఎక్కువ. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తులు పూర్తిగా ఎదగవు, పుట్టగానే ఊపిరికి కష్టపడుతుంది. పెద్దబిడ్డకు పాలు ముందే మాన్పించవలసి వస్తుంది. కనుక కాన్పుకూ కాన్పుకూ కనీసం మూడేళ్ళు ఎడం ఉంచండి. అందుకు నిరోధ్, కాపర్ టీ, మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల ద్వారా ఉచితంగా ఇస్తారు. ఏది మీకు తగునో భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చి అడగండి.

ఈ రోజే, బిడ్డ ఆరోగ్యంగా ఉండగానే, ఒకసారి ఊపిరి లెక్కపెట్టి చూడండి. మామూలు లెక్క ఎంతో మీకు తెలిసి ఉంటే, జబ్బు చేసిన నాడు తేడా ఇట్టే పట్టుకుంటారు. సందేహముంటే మీ ఊరి ఆశా కార్యకర్తను గాని, ఉపకేంద్రంలోని నర్సమ్మను గాని అడగండి; దగ్గరుండి లెక్కపెట్టి చూపిస్తారు.