పొద్దున్నే టిక్ టిక్, షెడ్‌కి వెళ్తే సైలెంట్: చలికాలం ఇంజిన్ సౌండ్ల సంగతి

ఇవాళ కారు గురించి మాట్లాడుకుందాం. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, చలికాలం పొద్దున్నే కారు స్టార్ట్ చేసినప్పుడు వచ్చే వింత సౌండ్ల గురించి.

పోయిన చలికాలం మా నాన్న కారుతో నాకు పెద్ద తలనొప్పి అయింది. తొమ్మిదేళ్ల పాత పెట్రోల్ కారు. పొద్దున 6 గంటలకు సెల్ఫ్ కొడితే ఇంజిన్ దగ్గర టిక్ టిక్ టిక్ అని సౌండ్. మూడు నాలుగు నిమిషాలు వస్తుంది, తర్వాత మాయం. 11 గంటలకు షెడ్‌కి తీసుకెళ్తే ఏమీ తెలియనట్టు సైలెంట్‌గా ఉంటుంది. "సౌండ్ ఎక్కడుంది తమ్ముడూ?" అంటాడు మెకానిక్ అన్న. నేనేం చెప్పను? రెండోసారి వెళ్తే ట్యాపెట్లు సెట్ చేశారు, డబ్బులు కట్టాం. మర్నాడు పొద్దున మళ్లీ అదే టిక్ టిక్.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఇలాంటి బగ్గులు చాలా చూశాను. యూజర్ దగ్గర వస్తుంది, మన సిస్టమ్‌లో రాదు. అప్పుడు మనం అడిగేది ఒక్కటే: లాగ్ పంపించు. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది? కారుకీ అదే లెక్క. ఆ సౌండ్ ఎంతసేపు ఉందో చూస్తే సగం విషయం అక్కడే తెలిసిపోతుంది.

ముందు, చలికి ఇంజిన్‌లో ఏమవుతుందో చూద్దాం. రాత్రంతా కారు ఆగి ఉంటే పైనున్న ఆయిల్ చాలావరకు కిందికి జారి సంప్‌లో చేరుతుంది. చలికి ఆ ఆయిల్ చిక్కబడుతుంది. పొద్దున్నే అది మళ్లీ పైదాకా ఎక్కాలి. ఇనుము, అల్యూమినియం కాస్త ముడుచుకుంటాయి కాబట్టి భాగాల మధ్య సందులు మారతాయి. బ్యాటరీ పవర్ కూడా తగ్గుతుంది. హైదరాబాద్ చలికే ఇంత ఉంటే, లంబసింగి ట్రిప్‌కి వెళ్లి రాత్రంతా కారు బయట పెట్టినవాళ్ల సంగతి మీరే ఊహించుకోండి.

ఇప్పుడు టైమ్ ప్రకారం వద్దాం.

మొదటిది, ఇంజిన్ ఇంకా స్టార్ట్ అవ్వకముందే వచ్చే సౌండ్. సెల్ఫ్ కొడితే టకటకటక అని వేగంగా కొట్టుకుని, డ్యాష్‌బోర్డ్ లైట్లు డిమ్ అయితే, ఎక్కువసార్లు బ్యాటరీ వీక్ అయి ఉంటుంది, లేదా టెర్మినల్ లూజ్. లైట్లు బాగానే ఉండి ఒక్కసారే 'టక్' మని ఆగిపోతే సెల్ఫ్ మోటార్ వైపు చూడాలి.

రెండోది, స్టార్ట్ అయిన రెండు మూడు సెకన్లు వచ్చే గలగల. ఆయిల్ పైకి ఎక్కేలోపు వచ్చే సౌండ్ ఇది. ఎప్పుడో ఒకసారి వస్తే కంగారు అక్కర్లేదు. రోజూ వస్తుంటే ముందు డిప్ స్టిక్ తీసి ఆయిల్ లెవెల్ చూడండి. తర్వాత ఆయిల్ గ్రేడ్ చూడండి. 5డబ్ల్యూ-30 అని రాసి ఉంటుంది కదా, అందులో డబ్ల్యూ అంటే వింటర్. ముందున్న నంబర్ ఎంత తక్కువైతే చలిలో ఆయిల్ అంత త్వరగా పారుతుంది. మీ కారు మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని ఉంటే, ఎవరో 20డబ్ల్యూ-50 పోస్తే పొద్దున్నే సౌండ్ రాక ఏమవుతుంది? ఆయిల్ ఫిల్టర్‌లో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే చిన్న వాల్వ్ ఉంటుంది. నాసిరకం ఫిల్టర్ అయితే అది సరిగ్గా ఆపదు. ఇవన్నీ బాగున్నా గొలుసు ఊగినట్టు గలగల రోజూ వస్తుంటే, టైమింగ్ చైన్ గానీ దాని టెన్షనర్ గానీ అరిగి ఉండొచ్చు. దీన్ని వాయిదా వేయొద్దు. చైన్ జారితే చాలా ఇంజిన్లలో వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి.

మూడోది, కొన్ని సెకన్ల నుంచి ఒక నిమిషం దాకా వచ్చే కీచు శబ్దం. ఇది చాలావరకు బెల్టే. స్టార్ట్ చేయడానికి వాడిన కరెంట్‌ని ఆల్టర్నేటర్ మళ్లీ బ్యాటరీకి ఎక్కిస్తుంటుంది. ఆ లోడ్‌కి పాత బెల్ట్ జారి కీచుమంటుంది. ఇంజిన్ ఆపేశాకే బెల్ట్ చూడండి. పగుళ్లున్నా, అద్దంలా మెరుస్తున్నా మార్చే టైమ్ వచ్చినట్టే. ఇంజిన్ తిరుగుతుండగా చేయి, చున్నీ, హెడ్‌ఫోన్ వైరు ఏదీ దగ్గరికి పోనివ్వకండి.

నాలుగోది, ఇంజిన్ వేడెక్కేదాకా వచ్చి ఆగిపోయేది. ఇందులో రెండు రకాలు. లోపల బోలుగా 'టక్ టక్' అంటే అది పిస్టన్ కావచ్చు. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ కాస్త చిన్నగా ఉండి సిలిండర్ గోడకు తగులుతుంది, వేడికి వ్యాకోచించాక ఆగిపోతుంది. ఆయిల్ తగ్గకపోతే, పొగ రాకపోతే ఇలాంటి ఇంజిన్ చాలా కాలం నడుస్తుంది. రెండోది సన్నగా 'టిక్ టిక్', యాక్సిలరేటర్ తొక్కితే వేగం పెరుగుతుంది. ఇంజిన్‌కి సైలెన్సర్ పైపు కలిసే చోట గాస్కెట్ లీక్ అయితే ఇలా వస్తుంది. లోహం వేడెక్కగానే ఆ సందు మూసుకుపోతుంది, సౌండ్ ఆగుతుంది.

ఐదోది అసలు డేంజర్. వేడెక్కినా ఆగదు, ఇంకా పెరుగుతుంది. సుత్తితో కొట్టినట్టు బరువుగా 'దడ్ దడ్' మంటుంది. ఇది బేరింగ్ అయ్యే అవకాశం ఉంది. లేదా ఏ సౌండ్‌తోనైనా ఎర్ర ఆయిల్ లైట్ ఆరకుండా ఉంటే, వెంటనే ఇంజిన్ ఆపండి. 'షెడ్ దగ్గరే కదా, మెల్లగా పోదాం' అనుకోవద్దు. టోయింగ్ ఖర్చు ఇంజిన్ ఖర్చు కంటే చాలా తక్కువ.

కొన్ని సౌండ్లకు భయపడక్కర్లేదు. చలిలో స్టార్ట్ చేయగానే ఆర్‌పీఎమ్ 1200, 1500 దాకా వెళ్లి తర్వాత దిగడం నార్మల్, ఇంజిన్‌నీ సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌నీ త్వరగా వేడెక్కించడానికి కంప్యూటరే అలా చేస్తుంది. డీజిల్ ఇంజిన్ చలిలో ఎక్కువ గరగరమనడం కూడా సహజమే. డ్యాష్‌బోర్డ్‌లో స్ప్రింగ్ లాంటి గుర్తు వెలిగితే, అది ఆరాకే సెల్ఫ్ కొట్టండి. అది హీటర్ ప్లగ్గుల లైట్. ఇంకో మాట, చలికి పిల్లులు వెచ్చగా ఉంటుందని ఇంజిన్ దగ్గర దూరి పడుకుంటాయి. స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టండి.

సరే, లాగ్ ఎలా తీయాలి? రాత్రంతా ఆగిన కారు కావాలి. ఒకరు లోపల కూర్చోవాలి, ఇంకొకరు బానెట్ తెరిచి కాస్త దూరంగా ఫోన్ పట్టుకోవాలి. సెల్ఫ్ కొట్టకముందే రికార్డింగ్ మొదలుపెట్టండి, సౌండ్ ఆగేదాకా ఆపొద్దు. ఆర్‌పీఎమ్ మీటర్‌నీ, వార్నింగ్ లైట్లనీ విడిగా ఇంకో వీడియో తీయండి. వీడియో సరిపోకపోతే, కారుని రాత్రి షెడ్‌లోనే వదిలేసి "పొద్దున్నే మీరే స్టార్ట్ చేయండి అన్నా" అని చెప్పండి.

నేను చివరికి అదే చేశాను. మెకానిక్ అన్న పొద్దున 7 గంటలకు స్టార్ట్ చేసి, టార్చ్ వేసి సైలెన్సర్ పైపు మొదట్లో నల్లటి మసి చూపించాడు. గాస్కెట్ లీక్. దానికైన ఖర్చు ట్యాపెట్లకు ఇచ్చిన దాంట్లో సగం కూడా లేదు. కానీ నాకు భయం వేసింది డబ్బుల గురించి కాదు. ఆ లీక్ నుంచి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. మా నాన్న రోజూ ఆ కారుని షట్టర్ సగం దించిన పార్కింగ్‌లో స్టార్ట్ చేసి, అద్దాలు ఎత్తి లోపలే కూర్చునేవారు, ఇంజిన్ వేడెక్కాలని. దయచేసి మూసిన చోట ఎవరూ ఇంజిన్ ఆన్‌లో పెట్టి కూర్చోకండి. వేడెక్కడానికి అరనిమిషం, మహా అయితే నిమిషం చాలు. బయటికి తీసి మొదటి కొన్ని కిలోమీటర్లు మెల్లగా నడపండి, రేస్ చేయకండి.

చివరగా, సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు. చూడటానికి వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇప్పటిదాకా చెప్పిన సౌండ్లలో సగం మీకు వినబడవు. "రేపు పొద్దున్నే వస్తాను, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని చెప్పి వచ్చేయండి. ఒప్పుకోకపోతే ఇంకో కారు చూసుకోండి.

ఈ ఎపిసోడ్ ఇంట్లో కారు నడిపే పెద్దవాళ్లకు ఒకసారి చూపించండి. మళ్లీ కలుద్దాం, బై!