నెత్తుటి బొట్టు పలికిన సాక్ష్యము

గత మాసమున మేము హైదరాబాదులోని తార్నాకయందు బంధువుల యింట నుంటిమి. ఆ యింటి చిన్నది రసాయనశాస్త్రముతో బి.యస్‌సి. ముగించినది. చేరువనే యున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఫోరెన్సిక్ సైన్సను నేరపరిశోధన శాస్త్రమును రెండేండ్లు చదివి ఎం.యస్‌సి. పట్టము పొందవలెనని దాని కోరిక. “పీనుగులతోను దొంగలతోను ఆడపిల్లకేమి పనియమ్మా? రేపు దీనిని చేసికొనువా రెవ్వరు?” అని దాని నాయనమ్మగారు మమ్ము మధ్యవర్తులను జేసిరి.

పిల్ల మమ్ము విశ్వవిద్యాలయమునకు దోడ్కొనిపోయినది. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల రాతిభవనపు మెట్లపై గూర్చుండి పాఠ్యక్రమమును వివరించినది. శవమును గోసి పరీక్షించుట వైద్యుల పనియట. ఈ శాస్త్రము చదివినవారు విషములను గుర్తింతురు. రక్తపు మరకలను, చేవ్రాతలను, వ్రేలిముద్రలను పరీక్షింతురు. నెత్తురంటిన తడివస్త్రము దొరకినచో నీడను ఆరబెట్టి, ప్లాస్టికు సంచిలో గాక కాగితపు కవరులో నుంచి ముద్రవేయవలెనట. తడిబట్టను మూటగట్టిన బూజుపట్టునని మనకు దెలియనిదా? ఇందులో సగము ఇల్లాలి నేర్పే యని మాకు దోచినది.

తిరిగి వచ్చునపుడు తార్నాకనుండి ఉప్పలు పోవు దారిలో సి.సి.యం.బి. యను జీవశాస్త్ర పరిశోధనాలయమును జూచితిమి. 1984లో ఇంగ్లండునందు అలెక్ జెఫ్రీసుగారు డి.యన్.ఏ. ముద్రలను కనుగొనగా, కొలది యేండ్లకే లాల్జీ సింగుగారు ఇచ్చట స్వంత పద్ధతి నేర్పరచిరి. కట్లపాముల జాతిలో ఆడ మగ భేదమును గూర్చి పరిశోధించునపుడు దొరకిన తునుకయే ఆయనకు సాధనమైనది. పామునుండి మనుష్యుని గుర్తు తెలియుట వింత కాదా!

దానిని మన దేశపు న్యాయస్థానము మొదట అంగీకరించినది దొంగతనమునను గాదు, హత్యయందును గాదు. కేరళలోని తలశ్శేరియందు ఒక స్త్రీ తన బిడ్డకు భరణము గోరినది. ఆ పురుషుడు బిడ్డ తనది కాదనెను. తల్లి, బిడ్డ, ఆ పురుషుడు, మువ్వురి నెత్తురును హైదరాబాదున పరీక్షించిరి. ముద్రలో బిడ్డకుండు గీతలలో తల్లివి తీసివేయగా మిగిలినవి తండ్రియందు కనబడవలెను. కనబడినవి. 1989లో క్రింది న్యాయస్థానము దానిని సాక్ష్యముగా గైకొనెను. 1991లో కేరళ హైకోర్టు ఆ తీర్పును స్థిరపరచెను.

మాకు నన్నయగారి శకుంతల స్ఫురణకు వచ్చినది. భారతమున ఉంగరము లేదు. బిడ్డను జేతబట్టుకొని నిండు సభలో నిలిచిన యా తల్లి మాటను దుష్యంతుడు కాదనగా ఆకాశవాణి పలికినది. ఆకాశవాణి పలుకని తల్లులెందరు తలవంచుకొని వెనుదిరిగిరో!

అయిన నిది రెండువైపుల పదునుగల కత్తి. శంకాళువగు మగడు ఊరక భార్యను పరీక్షకీడ్చిననో? ఈ భయము న్యాయమూర్తులకును గలదు. తల్లికిని బిడ్డకును కలుగు అపకీర్తిని యోచింపక రక్తపరీక్షకు ఉత్తరువీయరాదని 1993లో సుప్రీంకోర్టు చెప్పినది.

2024 జూలై 1వ తేదీన అమలునకు వచ్చిన క్రొత్త చట్టము ప్రకారము, ఏడేండ్లు గాని అంతకు మించి గాని శిక్ష పడదగిన నేరము జరిగినచోటికి ఈ శాస్త్రనిపుణులు పోయి సాక్ష్యమును సేకరింపవలెను. దీనిని అమలు పరచుటకు రాష్ట్రములకు ఐదేండ్ల గడువీయబడినది. పని కొదువ యుండదు. స్త్రీలకు జరిగిన యపకారములయందు సాక్ష్యము సేకరించునది స్త్రీయే యైనచో బాధితురాలికి కొంత యూరట యని మా తలంపు.

రాత్రి ఈ సంగతులన్నియు నాయనమ్మగారికి జెప్పితిమి. ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత, “ఆ తలశ్శేరి పిల్లవానికి భరణము నిలిచినదన్న మాట” యనిరి. మరునాడుదయమున కాఫీ త్రాగుచు, ప్రవేశపరీక్షకు రుసుము ఎంతయని మనుమరాలి నడిగిరి.