పైకి ఫైబరు... లోపల పుచ్చు చెక్క

వేట లేని రోజుల్లోనే పడవ కడుపు చూసుకోవాలి

కాకినాడ: ఏప్రిల్ 15 వచ్చిందంటే తూర్పు తీరంలో ఇంజను పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక జూన్ 14 వరకు, అంటే 61 రోజులపాటు, సముద్రంలో వేట నిషేధం. ఇంజను లేని తెప్పలకు, నావలకు మాత్రం మినహాయింపు ఉంది. ఈ రెండు నెలలూ మత్స్యకారుల ఇళ్లలో రాబడి ఉండదు. ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 10,000 రూపాయల నుంచి 20,000కు పెరిగింది గాని, ఇంటి ఖర్చు, పాత బాకీ, జూన్‌లో పిల్లల పుస్తకాలు అన్నీ దానిమీదే నడవాలి.

మనిషికి పని లేని ఈ రోజుల్లోనే పడవకు పని ఉంటుంది. ఉప్పాడలో గాని, భైరవపాలెంలో గాని, అంతర్వేదిలో గాని ఈ కాలంలో ఒడ్డు వెంట నడిస్తే మూడు పనులు కంటికి కనిపిస్తాయి. కొందరు వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. కొందరు ఇంజను విప్పి పెట్టుకుని కూర్చుంటారు. మరికొందరు పడవకు రంగు వేస్తూ ఉంటారు. నాలుగో పని అంతగా కనపడదు. అది పడవ లోపలి చెక్క ఎలా ఉందో చూసుకోవడం. రంగు వేస్తే పదిమందికీ తెలుస్తుంది. లోపలి చెక్క మారిస్తే ఎవరికీ తెలియదు. అందుకే కాబోలు, ఆ పని వచ్చే ఏటికి వాయిదా పడుతూ ఉంటుంది.

ఫైబరులోనూ చెక్క ఉంది

తాళ్లరేవు, కోరంగి ప్రాంతం ఒకప్పుడు ఓడలు కట్టిన చోటు. చెక్క నావల రోజుల్లో వడ్రంగి ఇంటి వైద్యుడి వంటివాడు. ఏటేటా నావను ఒడ్డుకు లాగి, పలకల సందుల్లో దూది కూరి, నూనె, గుగ్గిలం కలిపి పట్టించడం ఆనవాయితీ. ఫైబరు పడవలు వచ్చాక ఈ ఆనవాయితీ సన్నగిల్లింది. ఫైబరు చీకదు, దానికి పురుగు పట్టదు. ఆ మాట నిజమే. కాని ఫైబరు పడవలో చెక్కే లేదనుకుంటే మోసపోతాము.

వెనుక అమరం వైపు ఇంజను బిగించే బల్ల చూడండి. పైన ఫైబరు పొర కనిపిస్తుంది గాని, లోపల ఉండేది చాలా పడవల్లో ప్లైవుడ్డో, మామూలు చెక్కో. కూర్చునే అడ్డబల్లలు, కాలు పెట్టి నిలబడే నేలబల్ల, ఇంజను కూర్చునే దిమ్మ, అడుగున బలానికి వేసిన అడ్డకర్రలు కూడా తరచుగా చెక్కతో చేసి, మీద ఫైబరు తొడిగినవే. బలమంతా లోపలి చెక్కది. ఫైబరు దానికి చొక్కా వంటిది. చొక్కా చినగకుండానే లోపలి మనిషి చిక్కిపోవచ్చు.

9.9 గుర్రపు శక్తి ఇంజను 30, 40 కిలోల బరువుంటుంది. కెరటం దాటేటప్పుడు ఆ బరువు వెనుకబల్లను పట్టుకుని ఊపుతుంది. బల్ల గట్టిగా ఉంటే ఆ ఊపు పడవంతటికీ పంచబడుతుంది. పుచ్చి ఉంటే బోల్టు దగ్గరే చీలిక పుడుతుంది. ఒడ్డున నిలబెట్టినప్పుడు ఈ చీలిక ఏమీ చేయదు. నలుగురు మనుషులు, తడిసిన వల, మంచుపెట్టె ఎక్కి, రేవుకు దూరంగా ఉన్నప్పుడే అది తెరుచుకుంటుంది. ఇంజను పోతే నష్టం లక్ష మాట. బల్లతోపాటు వెనుక భాగం ఊడితే మనుషుల మాట.

పాడు చేసేది వాననీరే

సముద్రపు నీరే చెక్కను పుచ్చిస్తుందని చాలామంది నమ్మకం. అసలు దోషి వాననీరు. చెక్కను చీకించేది బూజు జాతికి చెందిన ఒక జీవి. దానికి తడి కావాలి, గాలి కావాలి. చెక్కలో తేమ నూటికి 20 పాళ్లకు లోపు ఉంటే అది బతకలేదు. ఉప్పు దానికి అంతగా గిట్టదు. వాననీరు, మంచుపెట్టె నుంచి కారిన నీరు, రాత్రి కురిసే మంచు బోల్టు తూటు గుండా చెక్కలోకి దిగి, బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచిపోతే దానికి పండగ. (ఉప్పునీటిలో చెక్కను తొలిచే ఓడపురుగు సంగతి వేరు. అది నీటిలో నానే చెక్క నావలకు శత్రువు.)

కాలు జారకుండా నేలబల్ల మీద గోనెపట్టాలు, పాత తివాచీ ముక్కలు, రబ్బరు చాపలు పరచడం కొన్ని పడవల్లో కనిపిస్తుంది. అవి కాలికి సుఖమే. కాని గోనె, తివాచీ నీటిని స్పాంజిలా పట్టి ఉంచుతాయి. మేకులు కొట్టి పరిస్తే ప్రతి మేకూ నీటికి ఒక బావి. జిగురుతో అంటిస్తే చెక్క ఊపిరాడక చీకుతుంది. పరచుకోదలచినవారు మేకులు లేకుండా ఊరికే వేసి, వేట నుంచి రాగానే తీసి ఎండబెట్టుకోవాలి. దీనికంటే మంచి ఉపాయం, రంగు తడిగా ఉన్నప్పుడే జల్లించిన పొడి ఇసుక చల్లి, ఆరాక మరో పూత వేయడం. కాలు జారదు, నీరు నిలవదు, ఖర్చు లేదు.

పరీక్ష ఎలాగంటే

సుత్తి పిడితో బల్లనంతా జానెడు జానెడు దూరాన కొట్టుకుంటూ పోవాలి. గట్టి చెక్క ఖంగుమంటుంది. పుచ్చిన చెక్క మెత్తగా, డొల్లగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట దబ్బనం గుచ్చి చూడవచ్చు. ఫైబరు కప్పిన చోట దబ్బనం దిగదు కాబట్టి లోపలివైపు నుంచి సన్నని బరమాతో చిన్న తూటు వేసి, వచ్చిన పొట్టును చేతిలోకి తీసుకోవాలి. పొట్టు లేతరంగులో, పొడిగా ఉంటే భయం లేదు. నల్లగా, తడిగా, పుల్లని వాసన వస్తే లోపల పాడైనట్లే. పరీక్ష తూటును తెరిచి వదిలేయకూడదు. రెజినుతో పూడ్చాలి. లేకుంటే పరీక్షే జబ్బు తెచ్చిపెడుతుంది. బల్లలో ఇంజను బోల్టుల చుట్టూ, అడుగు మూలల దగ్గర ముందు చూడాలి. తుప్పు మరక కారుతున్న చోట చెక్కను నమ్మరాదు. ఇనుప మేకు తుప్పు పట్టేకొద్దీ చుట్టూ ఉన్న చెక్కను తినేస్తుంది.

పుచ్చు చిన్నదే కదా అని పైన రేకు కొట్టడం, మరో పొర ఫైబరు వేసి మూయడం మన తీరంలో ఉన్న అలవాటు. ఇది పుండు మీద కట్టు కట్టి లోపల చీము వదిలేయడమే. తడి లోపలే ఉంటుంది. వచ్చే ఏటికి చేయి పట్టేంత పుచ్చు, పడవ పట్టేంత పుచ్చు అవుతుంది.

కోసి తీయడమే దారి

వెనుకబల్ల మార్చేటప్పుడు బయటి పొర ముట్టుకోకుండా లోపలి పొరను కోసి, చీకిన చెక్కను ఉలితో పూర్తిగా తవ్వి తీయాలి. పుచ్చు కనిపించిన మేరకే ఆగకుండా, గట్టి చెక్కలోకి ఇంకో జానెడు వెళ్లాలి. వచ్చిన పాత బల్లను ముక్కలు చేసి పారేయవద్దు. కొత్తది కోయడానికి అదే కొలత. ఇక ఆరబెట్టడం. ఇక్కడే తొందర పనికిరాదు. తెరిచిన చోటు కొన్ని ఎండలు చూడాలి, రాత్రిళ్లు మంచు పడకుండా టార్పాలిన్ కప్పాలి. తడి మీద, డీజిలు మరక మీద రెజిను అంటదు. జూన్ మొదటి వారంలో పని మొదలుపెట్టేవారికి ఈ ఎండలు దొరకవు, వడ్రంగీ దొరకడు. ఏప్రిల్‌లో తెరిచినవాడిదే సుఖం.

కొత్త చెక్క విషయంలో దుకాణదారు మాట కంటే ముద్రను నమ్మాలి. పడవలకు తగిన ప్లైవుడ్డు మీద ఐ.ఎస్. 710 అనే భారత ప్రమాణం ముద్ర ఉంటుంది. దాన్ని 72 గంటలు మరిగే నీటిలో ఉంచినా పొరలు విడిపోకూడదని ఆ ప్రమాణం చెబుతుంది. ఇంటి బీరువాలకు వాడే రకం చవకే గాని, ఒక్క వానాకాలానికి పుస్తకంలా విచ్చుకుంటుంది. మామూలు పలకను అతకవలసి వస్తే రెండు కొసలూ తిన్నగా కోసి కలపకూడదు. వాలుగా కోసి ఒకదానిపై ఒకటి పరుండబెట్టాలి. అంగుళం మందానికి కనీసం 8 అంగుళాల వాలు ఉండాలి. కొచ్చిలో 1957 నుంచి ఉన్న కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ రబ్బరు చెట్టు చెక్కకు మందు పట్టించి, మీద ఫైబరు కప్పి పడవలు కట్టి చూపించింది. ఈ సంస్థకు విశాఖపట్నంలోనూ కేంద్రం ఉంది. చవక చెక్క కూడా సరిగా మందు పడితే నిలుస్తుందని దీనివల్ల తెలుస్తున్నది.

బిగించే ముందే కొత్త బల్ల ఆరు ముఖాలకూ రెజిను పట్టించాలి. అన్నిటికంటే ముఖ్యం అంచులు. నీరు తాగేది ముఖం కాదు, కోసిన అంచు. బోల్టు తూటును కావలసిన దానికంటే పెద్దగా వేసి, రెజిను ముద్దతో నింపి, గట్టిపడ్డాక అందులో అసలు తూటు వేస్తే నీటికీ చెక్కకూ మధ్య గోడ కట్టినట్లవుతుంది. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి మంచివి. ఇత్తడి మరలు ఉప్పునీటిలో కొన్నాళ్లకు పెళుసుబారి విరుగుతాయి.

ఒక హెచ్చరిక. రెజినులో కలిపే మందులు రెండు. ఊదారంగు కోబాల్టు ఒకటి, నీళ్లలా ఉండే హార్డెనరు ఒకటి. ఈ రెండింటినీ నేరుగా ఒకదానితో ఒకటి కలిపితే భగ్గున మండవచ్చు, పేలవచ్చు. కోబాల్టును ముందు రెజినులో బాగా కలియబెట్టి, ఆ తర్వాతే హార్డెనరు పోయాలి. రెంటికీ వేరువేరు కొలత గిన్నెలు పెట్టుకోవాలి. కిలో రెజినుకు హార్డెనరు సాధారణంగా 10 నుంచి 20 మిల్లీలీటర్లు. మే ఎండలో తక్కువే చాలు, లేకుంటే డబ్బాలోనే గడ్డకడుతుంది. హార్డెనరు చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. వెంటనే మంచినీటితో చాలాసేపు కడిగి ఆసుపత్రికి పోవాలి. పని జరిగే చోట బీడీ వెలిగించరాదు, పిల్లలను రానివ్వరాదు. ఫైబరు అరగదీసేటప్పుడు ముక్కుకు గుడ్డ కాదు, మంచి మాస్కు కట్టాలి.

ఖర్చు ఎవరిది?

వేట డబ్బు పంచేటప్పుడు పడవకని ఒక వాటా తీయడం మన తీరంలో ఉన్న పద్ధతే. ఆ వాటా యజమాని ఇంటి ఖర్చులో కలిసిపోతే మరమ్మతు వచ్చిన నాడు మళ్లీ చేపల వ్యాపారి దగ్గర చేయి చాచవలసి వస్తుంది. అలా తెచ్చిన అప్పుకు వడ్డీతో పోదు, చేప ధర కూడా అతను చెప్పిందే అవుతుంది. పడవ వాటాలో కొంత ప్రతి వేటకూ విడిగా తీసిపెట్టమని కూలివాటా తీసుకునేవారు అడగడంలో తప్పు లేదు. ఆ వెనుకబల్ల మీద ఆధారపడి సముద్రంలోకి వెళ్లేది వారే గదా.

పని ముగిశాక, జూన్ 14కు ముందే, పడవను లోతులేని నీటిలో దించి, ఇంజను బిగించి, ఇద్దరు మనుషులు వెనుక కూర్చుని చూడాలి. లోపలివైపు బోల్టుల దగ్గర చెమ్మ కనిపిస్తే మళ్లీ విప్పవలసిందే. తీసేసిన పాత చెక్కను మాత్రం పొయ్యిలో పెట్టకండి. ఫైబరు అంటుకున్న ముక్క పొగ మంచిది కాదు. పురుగుమందు పట్టించిన చెక్కలో ఆర్సెనిక్ ఉండవచ్చు, దాని బూడిద కూడా విషమే.