పేరు లేని తపాలా బిళ్ల ఏ దేశానిది?

తాతల నాటి పెట్టెలో ఒక తపాలా బిళ్ల దొరికింది. దానిపై రాణి ముఖం ఉంది, విలువ ఉంది. దేశం పేరు మాత్రం లేదు. మరి దాన్ని ఆల్బంలో ఏ దేశపు పేజీలో అతికించాలి? అక్షరాలు, డబ్బు, కాగితం, రంధ్రాలు, ముద్ర... ఇలా ఒక్కో ఆధారాన్నీ పరిశీలిస్తూ, కుదరని జవాబులను తీసేస్తూ పోవడమే ఇందుకు మార్గం.

అక్షరాలు చెప్పేది

ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ల ‘పెన్నీ బ్లాక్’. బ్రిటన్‌లో 1840 మే 6 నుంచి చెలామణిలోకి వచ్చిన దీనిపై దేశం పేరు లేదు. ఇతర దేశాలు తర్వాత తమ పేర్లు ముద్రించుకున్నా, బ్రిటన్ నేటికీ రాజు లేదా రాణి తల బొమ్మతోనే సరిపెడుతోంది.

పేరు ఉన్నంత మాత్రాన చిక్కు తీరదు. ‘హెల్వెటియా’ అని ఉంటే అది స్విట్జర్లాండ్ బిళ్ల. ఆ దేశానికి నాలుగు జాతీయ భాషలుండటంతో దేనివైపూ మొగ్గకుండా లాటిన్ పేరు వాడతారు. ‘మాగ్యార్’ హంగరీని, ‘సువోమి’ ఫిన్లాండ్‌ను, ‘ష్కిపెరియా’ అల్బేనియాను సూచిస్తాయి.

ఇలాంటి ఉదాహరణ మన దగ్గరా ఉంది. 1931లో వచ్చిన ఒక వరుసలో ఒక అణా బిళ్లపై చార్మినార్, నాలుగణాల బిళ్లపై ఉస్మాన్ సాగర్ కనిపిస్తాయి. వాటి మీది ఇంగ్లీషు అక్షరాలు చెప్పేది నిజాం ప్రభుత్వం గురించే గాని హైదరాబాద్ అనే పేరు కాదు. కేటలాగుల్లో మాత్రం ఇవి ‘హైదరాబాద్’ శీర్షిక కిందే ఉంటాయి. 1869లో మొదలైన నిజాం రాజ్యపు బిళ్లల్లో తెలుగు అక్షరాలున్నవీ ఉన్నాయి.

డబ్బు, పైముద్రలు

విలువను ఏ డబ్బులో రాశారన్నది మరో ఆధారం. యానాం, పుదుచ్చేరి తదితర ఫ్రెంచి స్థావరాల బిళ్లలు 1892లో మొదలయ్యాయి. మొదట వాటి విలువ ఫ్రాన్సులోలాగే ఫ్రాంకులు, సెంటీముల్లో ఉండేది. 1923 నుంచి పణం, కాసులకు ఫ్రెంచి రూపాలైన ‘ఫానోన్’, ‘కాష్’ వచ్చాయి. 24 కాష్‌లు ఒక ఫానోన్, 8 ఫానోన్లు ఒక రూపాయి. ఈ లెక్క తెలిస్తే ఆ బిళ్ల ఏ ప్రాంతానిదో, సుమారుగా ఏ కాలానిదో కూడా తెలుస్తుంది.

కొన్నిసార్లు ఒక దేశం బిళ్లలపైనే మరో దేశం పేరును అదనంగా అచ్చువేస్తారు. దీన్ని పైముద్ర అంటారు. 1937లో బర్మా, 1947 అక్టోబరులో పాకిస్తాన్ భారతీయ బిళ్లలపై తమ పేర్లు ముద్రించి వాడుకున్నాయి. పటియాలా, గ్వాలియర్, నాభా వంటి ఆరు సంస్థానాలు ఒప్పందం ప్రకారం ఇదే పని చేశాయి. ఇలాంటి బిళ్లలకు కింద ఉన్న బొమ్మ కన్నా పైన ఉన్న అక్షరాలే ముఖ్యం. నకిలీలు చేసేవారు ఎక్కువగా అనుకరించేదీ వాటినే కాబట్టి అక్షరాల ఆకారాన్ని, సిరాను భూతద్దంతో చూడాలి.

కాగితంలో దాగిన గుర్తు

పైకి ఒకేలా కనిపించే బిళ్లలను వేరుచేయడానికి నీటిగుర్తు పనికొస్తుంది. కాగితం తడిగా ఉన్నప్పుడే లోహపు ఆకారంతో నొక్కితే ఆ మేర కాగితం పలచబడుతుంది. భారతీయ బిళ్లల్లో 1865 నుంచి ఏనుగు తల, 1882 వరుస నుంచి నక్షత్రం నీటిగుర్తులుగా ఉన్నాయి.

దీన్ని చూడటానికి బిళ్లను నల్లటి పళ్లెంలో బోర్లించి, త్వరగా ఆవిరయ్యే ప్రత్యేక ద్రవం చుక్కలు వేస్తారు. పొడి కాగితంలో నారల మధ్య గాలి ఉంటుంది. నారలోనూ గాలిలోనూ కాంతి వేర్వేరుగా వంగుతుంది కాబట్టి అది చెదిరిపోయి కాగితం తెల్లగా కనిపిస్తుంది. గాలి స్థానంలో ద్రవం చేరితే ఆ తేడా తగ్గి, కాగితం కాస్త పారదర్శకమవుతుంది. పలచని చోట కింది నలుపు ఎక్కువగా తెలుస్తుంది. ఈ ద్రవాల్లో కొన్ని మండే గుణం కలవి. కొన్ని రకాల సిరాలు వాటిలో కరిగిపోతాయి కూడా. అందుకే ముందుగా ఏటవాలు వెలుతురులో చూడటం మేలు.

అంచు రంధ్రాలూ కొలతే. 2 సెంటీమీటర్ల పొడవులో ఎన్ని రంధ్రాలున్నాయన్నదే లెక్క. కేటలాగులో ‘14’ అంటే 2 సెంటీమీటర్లలో 14 రంధ్రాలని అర్థం. ఒకే బొమ్మను వేర్వేరుసార్లు అచ్చువేసినప్పుడు ఈ సంఖ్య మారవచ్చు.

ముద్రే సాక్ష్యం

బిళ్లను విడుదల చేసిన దేశం, దాన్ని వాడిన చోటు ఒకటే కానక్కరలేదు. సింగపూర్, పెనాంగ్, మలక్కా 1867 వరకు కలకత్తాలోని ప్రభుత్వ పాలనలో ఉండేవి. అక్కడి ఉత్తరాలపై భారతీయ బిళ్లలే అంటించేవారు. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న ఒక భారతీయ బిళ్లపై ‘బి 172’ అనే ముద్ర ఉంటే అది సింగపూర్‌లో వాడినది. పెనాంగ్ ముద్ర ‘బి 147’. బిళ్లలో ఏ తేడా ఉండదు. తేడా అంతా ముద్రలోనే.

అందుకే పాత కవరు దొరికిన వెంటనే బిళ్లను నీళ్లలో నానబెట్టి ఊడదీయడం పెద్ద పొరపాటు. ముద్రలో సగం సాధారణంగా కవరు మీదే ఉంటుంది. చిరునామా, తేదీ, దారిలోని ఇతర ముద్రలు కలిస్తేనే ఆ ఉత్తరం ఎక్కడ బయలుదేరి ఎక్కడికి చేరిందో తెలుస్తుంది. బిళ్లను విడదీస్తే ఆ సమాచారం మళ్లీ దొరకదు.

కేటలాగులో రాసేటప్పుడు

విడుదల చేసిన దేశం, వాడిన చోటు, విలువ, రంగు, నీటిగుర్తు, రంధ్రాల కొలత, పైముద్ర, తపాలా ముద్ర... వీటిని వేర్వేరు గడుల్లో రాసుకోవాలి. స్టాన్లీ గిబ్బన్స్, స్కాట్, మిషెల్ కేటలాగుల సంఖ్యలు వేర్వేరు కాబట్టి ఏ కేటలాగు సంఖ్యో కూడా చెప్పాలి. 2002 నుంచి ప్రపంచ తపాలా సంఘం ఆధ్వర్యంలో నమోదవుతున్న బిళ్లలకు దేశపు రెండక్షరాల సంకేతం, వరుస సంఖ్య, సంవత్సరంతో కూడిన ఉమ్మడి సంఖ్య ఉంది. పాత బిళ్లలకు ఆ సౌకర్యం లేదు.

ఆధారాలు చాలనప్పుడు దేశం గడిలో ‘నిర్ధారణ కాలేదు’ అని పెన్సిల్‌తో రాసి పెట్టుకోవచ్చు. ఆ బిళ్ల చెక్కుచెదరకుండా ఉంటే, తర్వాత చూసేవారు ఆ గడిని నింపగలరు.